హౌస్‌ఫుల్ బోర్డు వెనక ఖాళీ సీట్లు

అమ్మకం మొదలైన పది నిమిషాలకే 'టికెట్లన్నీ అయిపోయాయి' అంటారు. తీరా మ్యాచ్ రోజు టీవీలో చూస్తే అక్కడక్కడా కుర్చీలు ఖాళీ! ఏమిటీ మాయ? ఆ కుర్చీల్లో ఒకటి మనకు దొరికే దారి ఉందా? ఫుట్‌బాల్ పిచ్చి ముదిరిన సైబరాబాద్ కుర్రకారే కాదు, వాళ్ల ఖర్చు చూసి గుండెలు బాదుకునే అమ్మానాన్నలూ తెలుసుకోవాల్సిన సంగతులివి.

శనివారం రాత్రి ఎనిమిదిన్నర. మాదాపూర్, గచ్చిబౌలి, కొండాపూర్‌లలో చుట్టూ వల కట్టిన చిన్న చిన్న మైదానాల్లో ఫ్లడ్‌లైట్ల కింద ఆట జోరుగా సాగుతుంటుంది. గంటకింత అని అద్దె కట్టి, జట్టుకి ఐదుగురు చొప్పున ఆడే సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లు వాళ్లంతా. ఆడటం అయిపోయిందా, ఇక చూడటం మొదలు. చలికాలంలో మనకు రాత్రి ఎనిమిదిన్నర అయితే ఇంగ్లండ్‌లో మధ్యాహ్నం మూడు. అక్కడి లీగ్ మ్యాచ్‌లకు తరతరాలుగా అదే ముహూర్తం.

తమాషా ఏమిటంటే, శనివారం మూడు గంటల మ్యాచ్‌ని ఇంగ్లండ్‌లో టీవీలో ప్రత్యక్షంగా చూపించరు. ఇంట్లోనే ఆట కనిపిస్తే చిన్న క్లబ్బుల స్టేడియాలకు జనం రారన్న భయంతో 1960ల్లో పెట్టుకున్న కట్టుబాటు అది. అంటే, ఆ మ్యాచ్‌ని కొండాపూర్‌లో సోఫాలో కూర్చుని చూడొచ్చుగానీ, ఆన్‌సైట్ పనిమీద లండన్ వెళ్లినవాడు తన గదిలో చూడలేడు. చూడాలంటే స్టేడియానికే వెళ్లాలి. వెళ్లాలంటే టికెట్ ఉండాలి. టికెట్ కోసం క్లబ్బు వెబ్‌సైట్ తెరిస్తే అక్కడ కనిపించేది ఒకే ఒక్క మాట... 'సోల్డ్ అవుట్'!

హౌస్‌ఫుల్ బోర్డు మనకు కొత్తేమీ కాదు. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో ఆ బోర్డు పక్కనే నిలబడి బ్లాకులో టికెట్ కొన్న తరం మనది. అందుకే ఆ మాట చూడగానే చాలామందికి రెండే ఆలోచనలు వస్తాయి. ఒకటి ఆశ వదులుకోవడం, రెండోది ఎక్కువ డబ్బిచ్చి ఎవరి దగ్గరైనా కొనడం. ఈ రెండిటికీ మధ్య ఓ మూడోదారి ఉంది. అది తెలియాలంటే ముందు స్టేడియంలో సీట్లు ఎలా పంచుతారో తెలియాలి.

కౌంటర్ మూస్తే సీట్లు నిండినట్టేనా?

అరవై వేల మంది పట్టే స్టేడియం అనగానే అరవై వేల టికెట్లూ అమ్మకానికి పెడతారని అనుకుంటాం. పొరపాటు. పెద్ద క్లబ్బుల్లో సింహభాగం సీట్లు సీజన్ టికెట్‌దారులవి. ఏడాది మొత్తానికి ముందే డబ్బు కట్టేసినవాళ్లు వాళ్లు. ఆ తర్వాత ప్రత్యర్థి జట్టు అభిమానుల వాటా. ప్రీమియర్ లీగ్‌లో అయితే మూడు వేల సీట్లు, స్టేడియం చిన్నదైతే అందులో పదో వంతు వాళ్లకు ఇవ్వాలి. ఇంకొన్ని స్పాన్సర్లకు, ఆటగాళ్ల కుటుంబాలకు, సంఘాల పెద్దలకు పోతాయి. రెండు జట్ల అభిమానులు కొట్టుకోకుండా మధ్యలో కొన్ని వరసలు ఖాళీగా వదిలేస్తారు. కెమెరాలు ఎక్కడ పెడతారో తేలేదాకా ఇంకొన్ని పక్కన పెడతారు. ఇవన్నీ పోగా మిగిలినవే సభ్యులకూ, ఆ తర్వాత మామూలు జనానికీ వస్తాయి.

అంటే 'సోల్డ్ అవుట్' బోర్డు చెప్పేది ఒక్కటే... ఆ రోజు, ఆ కౌంటర్‌కి ఇచ్చిన టికెట్లు అయిపోయాయని. పక్కన పెట్టిన సీట్ల కథ అక్కడితో ముగిసిపోదు. ప్రత్యర్థి జట్టు తన వాటా మొత్తం అమ్ముకోలేకపోతే మిగిలినవి వెనక్కి పంపుతుంది. సీజన్ టికెట్ ఉన్న పెద్దాయనకు జ్వరం వస్తుంది. స్పాన్సర్ పిలిచిన అతిథులు రామంటారు. కెమెరా స్టాండు పక్కకి జరిగి రెండు వరసలు ఖాళీ అవుతాయి. కొనుగోలు మధ్యలో కార్డు పనిచేయనివాళ్ల టికెట్లు కాసేపటికి తిరిగి జాబితాలోకి చేరతాయి. చెరువు నిండిందనుకుంటాంగానీ తూము నుంచి నీళ్లు వస్తూనే ఉంటాయి, పోతూనే ఉంటాయి. ఓపికగా గట్టున కూర్చున్నవాడికే చేప దొరుకుతుంది.

మన ఊరు నేర్పిన పాఠాలు

ఈ లెక్క తెలియక మనవాళ్లు పడ్డ పాట్లు తక్కువేమీ కాదు. 2022 సెప్టెంబరులో ఉప్పల్‌లో భారత్, ఆస్ట్రేలియాల ట్వంటీ20 మ్యాచ్ గుర్తుందా? అది క్రికెట్టే అయినా పాఠం అన్ని ఆటలకూ వర్తిస్తుంది. ఆన్‌లైన్‌లో టికెట్లు దొరకని జనం, సెప్టెంబరు 22న సికింద్రాబాద్ జింఖానా మైదానంలో కౌంటర్లు తెరుస్తారని తెలిసి తెల్లవారకముందే వచ్చి నిలబడ్డారు. ఇవ్వబోయే టికెట్లు ఎన్నో, వచ్చింది ఎంతమందో ఎవరికీ లెక్కలేదు. తోపులాట మొదలైంది. తొక్కిసలాటలో పలువురు గాయపడ్డారు, పోలీసులు లాఠీలకు పని చెప్పారు. ఆటంటే ఉన్న ఇష్టం ఆసుపత్రి దాకా తీసుకెళ్లింది.

2025 జూన్ 4న బెంగళూరు చిన్నస్వామి స్టేడియం దగ్గర జరిగింది మరీ ఘోరం. ఐపీఎల్ విజయోత్సవానికి ప్రవేశం ఎలాగో, పాసులున్నాయో లేవో స్పష్టత లేక లక్షల్లో జనం గేట్ల మీద పడ్డారు. పదకొండు మంది ప్రాణాలు పోయాయి. 'గేటు దగ్గరికెళ్తే ఏదో ఒకటి దొరుకుతుందిలే' అన్న ధీమా ఎంత ఖరీదైందో ఆ రోజు తెలిసింది.

మరి సీట్లు ఎటు పోతున్నాయి? 2025 ఐపీఎల్ సమయంలో ఆ సంగతి కొంత బయటపడింది. ఉచిత పాసుల మీద హైదరాబాద్ క్రికెట్ సంఘానికీ, సన్‌రైజర్స్‌కీ గొడవ వచ్చింది. సంఘానికి ఒప్పందం ప్రకారం మ్యాచ్‌కి పది శాతం, అంటే 3,900 ఉచిత టికెట్లు ఇస్తున్నామని సన్‌రైజర్స్ యాజమాన్యం లేఖలో రాసింది. అందులో తప్పొప్పుల మాట విచారణల్లో తేలాల్సిందే. మామూలు ప్రేక్షకుడికి అర్థమయ్యే విషయం మాత్రం ఒకటుంది. ఆన్‌లైన్‌లో అతడు క్యూలో నిలబడక ముందే ప్రతి పది సీట్లలో ఒకటి వేరే దారిలో వెళ్లిపోయింది.

ఇక ఫుట్‌బాల్. 2025 డిసెంబరు 13న లియోనెల్ మెస్సీ ఉదయం కోల్‌కతాలో, సాయంత్రం హైదరాబాద్‌లో అభిమానులకు కనిపించాడు. కోల్‌కతా సాల్ట్‌లేక్ స్టేడియంలో వేలకు వేలు పోసి టికెట్లు కొన్నవాళ్లకు అతడి చుట్టూ మూగిన ప్రముఖులే కనిపించారు. మెస్సీ త్వరగా వెళ్లిపోవడంతో కుర్చీలు విరిగాయి, సీసాలు ఎగిరాయి, నిర్వాహకుడు అరెస్టయ్యాడు. టికెట్ల సొమ్ము తిరిగి చెల్లిస్తామని నిర్వాహకుల నుంచి పోలీసులు హామీ తీసుకున్నారు. అదేరోజు రాత్రి ఉప్పల్‌లో మాత్రం కార్యక్రమం ప్రశాంతంగా ముగిసింది. ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి కూడా బంతి తన్నారు. ఈ రెండు ఊళ్ల కథలో ఓ కిటుకుంది. సొమ్ము వాపసు అంటూ వస్తే, అది ఎవరి పేరుతో టికెట్ కొన్నారో వాళ్ల ఖాతాకే వస్తుంది. బ్లాకులో మూడింతలు పెట్టి కొన్నవాడి పేరు ఏ లెక్కలోనూ ఉండదు!

ఇంగ్లండ్‌లో బ్లాకు టికెట్ నేరమే

ఆన్‌సైట్‌కి వెళ్లే మనవాళ్లు ముందుగా తెలుసుకోవాల్సిన మాట ఇది. ఇంగ్లండ్, వేల్స్‌లలో పాటల కచేరీ టికెట్‌ని తిరిగి అమ్మడం ఒక ఎత్తు, ఫుట్‌బాల్ టికెట్ అమ్మడం మరో ఎత్తు. క్లబ్బు అనుమతి లేకుండా ఫుట్‌బాల్ టికెట్ అమ్మితే 1994 నాటి చట్టం ప్రకారం నేరం. సాటి ఉద్యోగి తన టికెట్‌ని ఆఫీసు వాట్సాప్ గ్రూపులో బేరం పెట్టినా ఇబ్బందే.

దీని వెనక ఓ విషాదం ఉంది. 1989 ఏప్రిల్ 15న షెఫీల్డ్‌లోని హిల్స్‌బరో స్టేడియంలో కిక్కిరిసిన జనంలో నలిగి 97 మంది లివర్‌పూల్ అభిమానులు చనిపోయారు. ఆ ఘటన మీద విచారణ జరిపిన జస్టిస్ టేలర్, పెద్ద స్టేడియాల్లో నిలబడి చూసే పద్ధతి మానిపించి అందరికీ సీట్లు ఉండాలన్నారు. బ్లాకు అమ్మకాలను నేరంగా చూడాలనీ సూచించారు. బ్లాకులో కొన్నవాడు ఏ జట్టు అభిమానో ఎవరికీ తెలియదు. ప్రత్యర్థి అభిమానుల మధ్య సీటు పడితే గొడవలు ఖాయం. డబ్బు కోసం కన్నా ప్రాణాల కోసం పుట్టిన చట్టమన్నమాట.

మరి దారేది? మొదటిది సభ్యత్వం. ఆర్సెనల్, లివర్‌పూల్, మాంచెస్టర్ యునైటెడ్ లాంటి క్లబ్బులన్నీ ఏడాదికింత అని రుసుము తీసుకుని సభ్యత్వం ఇస్తాయి. హైదరాబాద్‌లో కూర్చుని కూడా తీసుకోవచ్చు. సభ్యులకు టికెట్ ఖాయమని మాత్రం కాదు, పోటీపడే అర్హత వస్తుందంతే. గిరాకీ ఎక్కువున్న మ్యాచ్‌లకు లాటరీ తీస్తారు. పేరు రాకపోతే నిరాశపడక్కర్లేదు. అసలు ఆట అప్పుడే మొదలవుతుంది.

రెండోది టికెట్ల మార్పిడి వేదిక. మ్యాచ్‌కి రాలేని సీజన్ టికెట్‌దారు తన సీటుని క్లబ్బుకే అప్పగిస్తాడు. క్లబ్బు దాన్ని మరో సభ్యుడికి తన సొంత వేదిక మీదే అమ్ముతుంది. ఆర్సెనల్ స్టేడియంలో అరవై వేల సీట్లుంటే, ఏ వారమైనా పనిపడో, జబ్బుపడో రాలేనివాళ్లు కొందరుంటారు కదా! సీటు ఖాళీగా వదిలేసేవాళ్ల మీద క్లబ్బులు కన్నెర్ర చేస్తుండటంతో ఈ వేదికల్లోకి వచ్చే టికెట్లూ పెరిగాయి. బోర్డు మీద 'సోల్డ్ అవుట్' అని ఉన్నప్పుడే ఇక్కడ టికెట్లు చేతులు మారుతుంటాయి.

మూడోది అభిమాన సంఘాలు. క్లబ్బుల గుర్తింపు ఉన్న సంఘాలు మన దేశంలోనూ ఉన్నాయి. కొన్ని క్లబ్బులు వాటి ద్వారా వచ్చే దరఖాస్తులకు కొద్ది టికెట్లు కేటాయిస్తాయి. నాలుగోది భోజనంతో కలిపి అమ్మే అధికారిక ప్యాకేజీ. ధర చూస్తే కళ్లు తిరుగుతాయి. అయితే బ్లాకులో అడిగే రేటుతో పోల్చి చూస్తే ఒక్కోసారి ఇదే నయం, పైగా గేటు దగ్గర గుండె దడ ఉండదు.

ఇవేవీ కుదరకపోతే? పెద్ద మ్యాచ్ మీద మనసు చంపుకొంటే చాలు, లండన్‌లోనే బోలెడు ఫుట్‌బాల్. ఫుల్‌హామ్, బ్రెంట్‌ఫర్డ్, క్రిస్టల్ ప్యాలెస్ లాంటి క్లబ్బుల మ్యాచ్‌లు, కప్పు పోటీల తొలి రౌండ్లు, మహిళల లీగ్ మ్యాచ్‌లు, కింది డివిజన్ల ఆటలు... వీటిలో చాలావాటికి టికెట్ దొరకడం కాస్త తేలిక. పిల్లల్ని తీసుకెళ్లే తల్లిదండ్రులకు ఇవే సుఖం.

స్పెయిన్‌లో ఖాళీ సీటు, జర్మనీలో రెండో అంగడి

బార్సిలోనాది మరో పద్ధతి. ఆ క్లబ్బుకి యజమానులు దాని సభ్యులే. ఏ మ్యాచ్‌కైనా రాలేని సభ్యుడు తన సీటుని క్లబ్బుకి వదిలేస్తే, అది అమ్ముడుపోయినప్పుడు అతడికీ కొంత లాభం దక్కుతుంది. చాలామంది మ్యాచ్ దగ్గరపడ్డాకే ఏ సంగతీ తేల్చుకుంటారు. అందుకే అక్కడ నెల ముందు కనిపించని టికెట్లు చివరి రోజుల్లో కనిపిస్తుంటాయి.

జర్మనీలో చదువుకుంటున్న తెలుగు పిల్లలకు ఇంకో పదం బాగా పరిచయం... 'స్వైట్‌మార్క్ట్'. అంటే రెండో అంగడి. బయర్న్ మ్యూనిక్, డార్ట్‌మండ్ లాంటి క్లబ్బులు వాడని టికెట్లను తిరిగి అమ్మే అధికారిక వేదిక అది. ఎనభై వేల మందికి పైగా పట్టే డార్ట్‌మండ్ స్టేడియంలోనూ టికెట్లు మంచినీళ్లలా అమ్ముడవుతాయి. అయినా ఆ రెండో అంగడి తలుపు మ్యాచ్ దగ్గరపడే కొద్దీ తెరుచుకుంటూనే ఉంటుంది.

డల్లాస్ బాబాయికి ఫోన్ చేస్తే...

2026 ప్రపంచకప్ షెడ్యూల్ వచ్చినప్పుడు హైదరాబాద్‌లో ఎన్ని ఇళ్లలో ఫోన్లు మోగి ఉంటాయో! జూన్ 11 నుంచి జులై 19 దాకా, 48 జట్లు, 104 మ్యాచ్‌లు, మూడు దేశాల్లో 16 నగరాలు. అమెరికా వేదికల పేర్లు చదివితే తెలుగువాళ్ల బంధువుల చిరునామాల్లా ఉంటాయి... డల్లాస్, న్యూజెర్సీ, హ్యూస్టన్, అట్లాంటా, సియాటెల్, బే ఏరియా. ఒక సెమీఫైనల్ సహా తొమ్మిది మ్యాచ్‌లు డల్లాస్ శివార్లలోని ఆర్లింగ్టన్‌కే దక్కాయి. 'బాబాయ్, మాకో రెండు టికెట్లు చూడవా' అని అడిగినవాళ్లకు ఎదురైన అసలు కష్టం దూరం కాదు, పద్ధతి.

ఈ టికెట్లను ఫిఫా ఒక్కసారిగా అమ్మలేదు, విడతలు విడతలుగా అమ్మింది. 2025 సెప్టెంబరులో ఒక క్రెడిట్‌కార్డు సంస్థ ఖాతాదారులకు మొదటి లాటరీ. అక్టోబరులో రెండోది. జట్ల గ్రూపులు తేలాక, డిసెంబరు 11 నుంచి జనవరి 13 దాకా మూడోది. ఆ మూడో విడతలోనే 50 కోట్లకు పైగా టికెట్లకు అభ్యర్థనలు వచ్చాయని ఫిఫా చెప్పింది. ఉన్నవి మొత్తం కలిపినా కోటి లోపే! మొదటి విడతలో పేరు రాలేదని చాలామంది పోటీ నుంచే తప్పుకున్నారు. అన్ని విడతలూ గుర్తుపెట్టుకుని దరఖాస్తు చేసినవాళ్లకే అవకాశాలు పెరిగాయి.

ఇక్కడ ఇంకో మెలిక. అధికారిక వేదిక అనగానే చవక అనుకోకూడదు. 2024 యూరో కప్పులో అధికారిక మారుబేరపు వేదిక మీద టికెట్‌ని అసలు ధరకే అమ్మాలన్నారు. 2026 ప్రపంచకప్పుకి వచ్చేసరికి అమెరికాలో ఆ హద్దు లేదు. అమ్మేవాడు ఎంతైనా అడగొచ్చు. పైగా కొన్నవాడి దగ్గర 15 శాతం, అమ్మినవాడి దగ్గర 15 శాతం ఫిఫా రుసుము. మెక్సికోలో మాత్రం అక్కడి చట్టాలకు తగ్గట్టు అసలు ధరకే మార్పిడి. ఒకే పోటీకి రెండు దేశాల్లో రెండు న్యాయాలు. అధికారిక వేదిక టికెట్ నిజమైనదని హామీ ఇస్తుంది. ధర న్యాయమైనదేనా అన్న లెక్క మాత్రం మనమే వేసుకోవాలి.

వీసా సంగతీ అంతే. టికెట్ కొన్నవాళ్లకు వీసా ఇంటర్వ్యూ తేదీ త్వరగా ఇచ్చే ఏర్పాటు చేస్తామని 2025 నవంబరులో అమెరికా ప్రకటించింది. ఆ వెసులుబాటు ఇంటర్వ్యూ తేదీ వరకే. వీసా ఇవ్వాలా వద్దా అన్నది అధికారి ఇష్టం.

టికెట్ లేకుండా అమెరికా స్టేడియానికి వెళ్లినవాళ్ల ముచ్చట కూడా చెప్పుకోవాలి. 2024 జులై 14న మయామీలో కోపా అమెరికా ఫైనల్‌కి టికెట్లు లేనివాళ్లు గేట్లు తోసుకుని లోపలికి చొరబడ్డారు. ఆట గంటకు పైగా ఆలస్యమైంది. గేట్లు మూసేయడంతో, వేల డాలర్లు పెట్టి అసలైన టికెట్ కొన్నవాళ్లు కొందరు బయటే ఉండిపోయారు.

ఒకే టికెట్... పదిమందికి

'అర్జెంట్‌గా ఊరెళ్తున్నా, రెండు టికెట్లున్నాయి, కొన్న రేటుకే ఇస్తా.' పెద్ద మ్యాచ్ ముందు టెలిగ్రామ్‌లో, ఇన్‌స్టాగ్రామ్‌లో ఇలాంటి సందేశాలు పుట్టగొడుగుల్లా మొలుస్తాయి. కోడ్‌లు రాసేవాళ్లు, బ్యాంకుల సాఫ్ట్‌వేర్ తయారుచేసేవాళ్లు కూడా వీటికి పడిపోతుంటారు. కారణం అమాయకత్వం కన్నా ఆత్రం. పది నిమిషాల్లో తేల్చకపోతే ఇంకొకరికి పోతుందన్న ఆత్రం.

మోసం నాలుగు రకాలు. మొదటిది, లేని టికెట్‌కి అడ్వాన్సు తీసుకుని మాయమవడం. రెండోది, ఒకే క్యూఆర్ కోడ్ స్క్రీన్‌షాట్‌ని పదిమందికి అమ్మడం. గేటు దగ్గర ముందు స్కాన్ చేసినవాడు లోపలికి వెళ్తాడు, మిగతా తొమ్మిది మందికి ఎర్రలైటు. మూడోది, అసలు వెబ్‌సైట్‌ని పోలిన నకిలీది పెట్టి కార్డు వివరాలు లాగేయడం. నాలుగోది, 'టికెట్ రద్దయింది, సొమ్ము వాపసు పంపుతున్నాం, పిన్ కొట్టండి' అనడం. డబ్బు మన ఖాతాలోకి రావడానికి పిన్ అక్కర్లేదన్న చిన్న మాట గుర్తుంటే ఈ నాలుగోదాని పని అయిపోతుంది.

విదేశీ క్లబ్బులు కాగితం టికెట్లు మానేసి ఫోన్‌లోకే పంపుతున్నాయి. కోడ్ కదులుతూ మారిపోతుండటమో, గేటు దగ్గర ఫోన్‌ని తాకిస్తే తెరుచుకోవడమో ఉంటోంది. అలాంటి మ్యాచ్‌కి ఎవరైనా పీడీఎఫ్ టికెట్, స్క్రీన్‌షాట్ అమ్ముతామన్నారంటే అది మోసమేనని తేల్చుకోవచ్చు. టికెట్ అధికారిక యాప్‌లో మన ఖాతాకి బదిలీ అయితేనే మనది అయినట్టు.

మోసపోయామని తెలియగానే సిగ్గుపడి దాచుకుంటే నష్టం రెట్టింపు. వెంటనే 1930 నంబరుకి ఫోన్ చేయాలి. జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయాలి. బ్యాంకుకీ చెప్పాలి. డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకి దూకేలోపు ఆపగలిగితేనే తిరిగి వచ్చే ఆశ. ఇక్కడ గంటలు కాదు, నిమిషాలు లెక్క.

ఓపికపట్టేవాళ్లకు కొన్ని కిటుకులు

• అమ్మకం మొదలైన తొలి నిమిషాల్లో దొరక్కపోతే వెంటనే కంప్యూటర్ కట్టేయొద్దు. డబ్బు కట్టడం పూర్తికానివాళ్ల టికెట్లు పది, పదిహేను నిమిషాల్లో తిరిగి వస్తాయి.

• మ్యాచ్‌కి రెండు మూడు వారాల ముందు ఒకసారి, చివరి రెండు రోజుల్లో తరచూ చూడాలి. మిగిలిపోయిన వాటాలు, రాలేనివాళ్ల సీట్లు ఎక్కువగా అప్పుడే బయటికొస్తాయి.

• నాలుగు సీట్లు పక్కపక్కనే కావాలంటే కష్టం. రెండు రెండుగా, కుదిరితే ఒక్కొక్కటిగా వెతకాలి. పిల్లలుంటే మాత్రం విడిగా కూర్చోనిస్తారో లేదో నిబంధనలు చదవాలి.

• 2020 నుంచి రిజర్వ్‌బ్యాంక్ నిబంధన ప్రకారం కొత్త కార్డులకు విదేశీ చెల్లింపుల సౌకర్యం మనం అడిగితేనే తెరుస్తారు. అమ్మకానికి ముందురోజే బ్యాంకు యాప్‌లో అది చూసుకోవాలి. చాలామంది టికెట్ చేతిదాకా వచ్చి జారిపోయేది ఇక్కడే.

• టీవీ కోసం మ్యాచ్ తేదీలు మారుతుంటాయి. శనివారం అనుకున్నది సోమవారం రాత్రికి జరగొచ్చు. టికెట్ కన్నా ముందు విమానం, హోటల్ కొనేస్తే చిక్కే.

• ఇంతకన్నా ఒక్క రూపాయి ఎక్కువ పెట్టనని ముందే ఇంట్లో చెప్పి ఉంచుకోవాలి. ఆత్రంలో ఉన్నప్పుడు గీసుకునే గీత నిలవదు.

గచ్చిబౌలిలో దొరికిన టికెట్

ఇంత తాపత్రయపడే ఊళ్లో సొంత ఫుట్‌బాల్ సంగతేమిటి? హైదరాబాద్‌కి ఈ ఆట దిగుమతి సరుకేమీ కాదు. 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు రోవర్స్ కప్ గెలిచిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు ఇక్కడిదే. ఆ జట్టుని తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీమ్ శిక్షణలోనే భారత్ 1962లో ఆసియా క్రీడల స్వర్ణం సాధించింది.

ఐటీ కారిడార్ నడిబొడ్డున గచ్చిబౌలిలో బాలయోగి స్టేడియం ఉంది. దాదాపు ముప్పై వేల మంది పడతారు. 2019 నవంబరు 2న హైదరాబాద్ ఎఫ్‌సీ ఇక్కడే తన తొలి సొంతగడ్డ మ్యాచ్ ఆడి కేరళ బ్లాస్టర్స్‌ని 2-1తో ఓడించింది. తర్వాత కొవిడ్ వచ్చింది. రెండు సీజన్లు గోవాలోనే ఆడాల్సి వచ్చింది. 2022 మార్చి 20న ఫతోర్దాలో ఫైనల్. స్టాండ్లలో ఎటు చూసినా కేరళ నుంచి తరలివచ్చిన అభిమానులే. అంతమంది ఎదుట హైదరాబాద్ 88వ నిమిషంలో స్కోరు సమం చేసి, పెనాల్టీల్లో 3-1తో గెలిచి ఐఎస్‌ఎల్ చాంపియన్ అయింది. గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు పెనాల్టీలు అడ్డుకున్నాడు.

ఆ జట్టు గచ్చిబౌలికి తిరిగొచ్చాక 'డెక్కన్ లెజియన్' అభిమానులు డప్పులతో హోరెత్తించేవారు. కానీ ఆర్థిక ఇబ్బందులు ముదిరి, ఆటగాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయాక స్టేడియం సగం కూడా నిండని మ్యాచ్‌లు వరసపెట్టాయి. 2025లో క్లబ్బు ఢిల్లీకి తరలిపోయి పేరు కూడా మార్చుకుంది. ఆఫీసు నుంచి ఆటోలో పది నిమిషాల దూరంలో, సినిమా టికెట్ ధరకి దొరికిన ఆట అలా చేజారింది.

అయితే మైదానం మాత్రం ఎక్కడికీ పోలేదు. 2024 సెప్టెంబరులో ఇంటర్‌కాంటినెంటల్ కప్, నవంబరులో భారత్, మలేసియా మ్యాచ్ అక్కడే జరిగాయి. ఆ ఏడాది ఆఖరి రోజున సంతోష్ ట్రోఫీ ఫైనల్ కూడా అక్కడే. నగరమంతా కొత్త సంవత్సరం వేడుకల్లో ఉన్న ఆ రాత్రి, ఇంజురీ టైమ్‌లో రోబి హన్స్‌దా కొట్టిన ఒకే ఒక్క గోల్‌తో బెంగాల్ కేరళని ఓడించి 33వసారి కప్పు ఎత్తుకుంది.

లండన్ సీటు కోసం నెలల తరబడి కాపలా కాయడంలో తప్పేమీ లేదు. ఇష్టమైన జట్టుని ఒక్కసారైనా కళ్లారా చూడాలన్న కోరిక అలాంటిది. దాంతోపాటు ఈసారి గచ్చిబౌలిలోనో, అజీజ్‌నగర్ దగ్గరి డెక్కన్ అరీనాలోనో మ్యాచ్ ఉందని తెలిస్తే పిల్లల్ని వెంటబెట్టుకుని ఓ సాయంత్రం వెళ్లిరావడం మంచిది. అక్కడ లాటరీ ఉండదు, సభ్యత్వం అక్కర్లేదు, బ్లాకువాడి బెడద అసలే లేదు. సోల్డ్ అవుట్ బోర్డు తగిలించే రోజు అక్కడ కూడా రావాలంటే, ముందు ఎవరో ఒకరు వెళ్లి కౌంటర్ దగ్గర నిలబడాలిగా!